యజమాని ఎక్కిన లారీ

ఒక్కటి అడుగుతాను, తడుముకోకుండా చెప్పండి. హీటరు పక్కన కూర్చుని చలి గురించి రూలు పెట్టేవాణ్ణి మీలో ఎంతమంది నిలదీశారు? ఎవరూ లేరా? అయితే మంచుకొండల ఎద్దులు మీకంటే నయం.

ఆ కొండల్లో సరుకంతా లారీల మీదే కనుమ దాటాలి. లారీలు నక్క ముకుందరావువి. తోలేది ఎద్దులు. పైన మంచు జారిపడితే దారి తెరిచేదాకా క్యాబిన్‌లో కూర్చోవాల్సిందే. ఇంజను తిరిగితేనే హీటరు, హీటరుంటేనే ప్రాణం.

"ఆగిన బండికి డీజిలెందుకు?" అని నక్కకు కడుపు మండింది. ప్రతి లారీకీ ఒక పెట్టె బిగించాడు. బండి నిలిచిన కాసేపటికే అది ఇంజనును ఆపేస్తుంది. పెట్టెకు తాళం, తాళంచెవి నక్క దగ్గర.

మొదటి మంచుకే ఒక గిత్త చెవులు గడ్డకట్టి రాలిపోయాయి. పెద్ద ఎద్దు అప్పలసూరి ఆఫీసుకెళ్లాడు. డ్రైవర్లంతా వెంట వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"బాబూ, పెట్టెలు తీయించండి. ఈసారి చెవులతో పోదు, ప్రాణాలే పోతాయి."

"ఒంటినిండా అంత తోలుంది, నీకు చలేమిటయ్యా? మనసు గట్టిగా ఉంచుకుంటే చలి దగ్గరికే రాదు."

"మరి తమరి మనసు మెత్తనిదా, హీటరు పెట్టుకున్నారు?"

"ఇది ఆఫీసు! ఇక్కడ ఆలోచించాలి."

"మేం లోయ పక్కన కళ్లు మూసుకుని తోలుతున్నాం కాబోలు! సరే, ఒక్క ట్రిప్పు మాతో రండి. చలిని మనసుతో ఎలా తరమాలో చూసి నేర్చుకుంటాం."

గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నక్కకు పరువు అడ్డొచ్చింది. "పద!" అన్నాడు. తాళంచెవిని మాత్రం మెళ్లో మఫ్లరు కింద దాచుకుని అప్పలసూరి బండెక్కాడు.

కనుమ మీద మంచు జారింది. బళ్లన్నీ వరసగా ఆగాయి, ఇంజన్లూ ఆగాయి. కాసేపటికి నక్క మీసాలు తెల్లబడ్డాయి, పళ్లు టకటకలాడాయి.

"స్టా... స్టార్టు చెయ్యి!"

"రూలు, బాబూ."

"నా రూలు నాకే చెప్తావా?" మఫ్లరు పీకి, తాళంచెవి తీసి, పెట్టె తెరిచాడు. ఇంజను గుర్రుమంది.

"మరి వెనక బళ్లలో మావాళ్లకో?"

"మీకు రూలు రూలే. యజమాని ఎక్కిన బండికి వర్తించదు!"

అప్పలసూరి అద్దం దించి వెనక్కి కేకేశాడు. "విన్నారట్రా? బాబు బండిలో ఉంటే ఇంజను ఆపక్కర్లేదట!"

దారి తెరిచాక అందరూ దిగొచ్చారు. ఆ మర్నాడు ఒక్క లారీ కూడా కదల్లేదు. ఎక్కించిన సరుకు ఎక్కించినట్టే ఉండిపోయింది.

"ఏం రోగంరా మీకు?" అని నక్క గంతులేశాడు.

"రోగమేం లేదు బాబూ. తమరి కోసమే చూస్తున్నాం. ఎక్కండి, పోదాం."

"ఇన్ని బళ్లలో ఒక్కణ్ణి ఎలా కూర్చుంటానయ్యా?"

"అది తమరు ఆలోచించాలి. తమరిది ఆఫీసు కదా!"

నక్క తన చేత్తోనే పెట్టెలన్నీ ఊడదీశాడు. స్పానరు పట్టడం చేతకాక వేళ్లు నలుగుతుంటే, డ్రైవర్లు హీటర్లు వేసుకుని అద్దాల్లోంచి చూస్తూ కూర్చున్నారు.

తాను భరించలేని రూలును పక్కవాడి మీద రుద్దేవాడు యజమాని కాదు, పిరికివాడు.

మీ దగ్గరికీ అలాంటి రూలు వస్తుంది. తలూపకండి. దాన్ని రాసినవాడి కుర్చీని చలిలోకి లాగండి, అందులో వాణ్ణి కూర్చోబెట్టండి, ఆ తర్వాతే మాట్లాడండి.