దుమ్ము లేవకుండా దూది ఏకడం

నిద్రలో కాళ్ళు పడుకుంటాయి, చేతులు పడుకుంటాయి, వాగే నోరు కూడా పడుకుంటుంది. మరి ఈ మెదడొక్కటీ పడుకోకుండా కలలెందుకు కంటుందర్రా? చెప్పండి చూద్దాం. చెయ్యెత్తి చెప్పాలి.

"దానికి బోరు కొట్టి," అంది మనవరాలు మృదు, చెయ్యెత్తకుండానే.

"రాత్రి పూరీలు ఎక్కువ తింటే," అన్నాడు దాని అన్న చందూ, రెండు చేతులూ ఎత్తి.

చెరో అర మార్కు. అంతకన్నా వెయ్యలేను, ఎందుకంటే ఈ ప్రశ్నకి నాకూ పూర్తి మార్కులు రావు. ముప్ఫైయేళ్ళు తొమ్మిదో తరగతికి సైన్సు చెప్పినదాన్ని. పగలు చూసినవాటినీ విన్నవాటినీ మెదడు నిద్రలో సర్దుకుంటుందని కొందరు డాక్టర్లంటారు. జ్ఞాపకాలను గట్టిపరుచుకుంటుందని కొందరు, భయాలను చల్లార్చుకుంటుందని ఇంకొందరు. ఇదీ అసలు కారణం అని ఇంకా తేలలేదు. అది తేలేలోగా ఒక కథ వినండి. మధ్యలో ప్రశ్నలు వద్దు.

ఆదోని దాటాక పత్తి చేల మధ్య ఒక ఊళ్ళో హుసేనప్ప అనే గురువు ఉండేవాడు. పగలు పరుపులకు దూది ఏకేవాడు. సాయంత్రం వచ్చి కూర్చున్నవాళ్ళకు రెండు మంచి మాటలు చెప్పేవాడు, అదీ వాళ్ళు మరీ బలవంతం చేస్తేనే.

దూది ఏకడమంటే మీకు తెలియదు కదూ? వాడగా వాడగా పరుపులో దూది అణిగి, గడ్డకట్టి, రాయిలా అయిపోతుంది. దాన్ని బయటికి తీసి కుప్పపోస్తారు. మనిషంత పొడుగున్న విల్లు పట్టుకుని, దాని నారిని దూదికి ఆనించి, చెక్క గుండుతో కొడతారు. నారి వణుకుతుంది. ఆ వణుకుకి గడ్డ విడిపోయి, దూది మళ్ళీ మబ్బులా పైకి లేస్తుంది. టంయ్, టంయ్ అని వీధంతా వినపడుతుంది.

ఆయన శిష్యుడు దస్తగిరి. ముప్ఫై దాటిన మనిషి. ఒకప్పుడు మహా కోపిష్టి. సంతలో ఎద్దు తన కాలు తొక్కిందని ఎద్దు యజమానితోనూ, సర్దిచెప్పబోయిన అతని మామగారితోనూ కొట్లాడినవాడు. హుసేనప్ప దగ్గర చేరిన రోజున, ఇక తన నోట కఠినమైన మాట రానివ్వనని ఒట్టు పెట్టుకున్నాడు. నాలుగేళ్ళు గడిచాయి. ఒక్క మాట రాలేదు. ఊరంతా మెచ్చుకుంది. ఊరు మరిచిపోయిన రోజున తనే గుర్తుచేసేవాడు.

అతనికొచ్చిన చిక్కంతా కలలతోనే. తెల్లారి గురువు గంజి గ్లాసు అందుకోగానే ఎదురుగా వచ్చి కూర్చునేవాడు.

"సామీ, కలలో పత్తి మిల్లులోకి ఒంటె వచ్చింది. టోపీ పెట్టుకొని ఉంది. అర్థమేంది సామీ?"

"ఒంటెనే అడగాల్సింది."

మర్నాడు మళ్ళీ. "సామీ, నా నోట్లో పండ్లన్నీ రాలి చేతిలో పడినాయి. చూస్తే ముప్ఫైమూడున్నాయి."

"ఒకటి నాదేమో ఇచ్చిపో."

ఆ మర్నాటి కలలో మేనత్త చేప మీద కూర్చుని ఊరేగింది. గురువు గ్లాసు కింద పెట్టేశాడు. "దస్తగిరీ, నీకు దండం పెడతా. నన్ను గంజి తాగనీరా."

"అది కాదు సామీ. కండ్లు మూస్తే మనిషి ఊరుకోవాల గదా. ఈ తలకాయ ఎందుకు ఊరుకోదు?"

హుసేనప్ప గ్లాసు మళ్ళీ ఎత్తి జుర్రు జుర్రుమని గట్టిగా తాగాడు, అతని మాట వినపడకుండా.

ఒకనాడు దస్తగిరి కల చెప్పడానికి రాలేదు. మర్నాడూ రాలేదు. గంజి ఇంత రుచిగా ఉంటుందని గురువుకి అప్పుడే తెలిసింది. మూడో రోజు మాత్రం అనుమానం వచ్చింది. వసారాలో దస్తగిరి పని చేస్తున్నాడు గాని, గుండు నారికి తగలడం లేదు. ఒకసారి గాలిలోకి పోయింది. ఇంకోసారి అతని బొటనవేలికే తగిలింది. కళ్ళు పండు మిరపకాయల్లా ఉన్నాయి.

"నిద్రపోతాండావా లేదా?"

"లేదు సామీ. మూడు దినాలాయ. కునుకొస్తే తొడ గిల్లుకుంటాండా."

"ఏం రోగం?"

దస్తగిరి లేచి లోపలికెళ్ళి ఒక మూట తెచ్చి గురువు ముందు నిలబడ్డాడు. "నేను పోతా సామీ. మీ దగ్గరుండేకి నాకు యోగ్యత లేదు."

"పోదువులే. సంగతి చెప్పి పో."

"కలలో మిమ్మల్ని తిట్టినా. నోటికి రాని మాటలన్నీ వచ్చినాయి. మళ్ళ తన్నినా. మీ విల్లు విరిచి పొయ్యిలో పెట్టినా."

"గట్టిగా తన్నినావా?"

"సామీ!"

"అడిగినదానికి చెప్పు."

"గట్టిగానే." దస్తగిరి మూటను చంకలోకి లాక్కున్నాడు. "నాలుగేండ్లు నోరు కట్టుకున్నదంతా అబద్ధం సామీ. పాతవాడు లోపల అట్లనే ఉన్నాడు. నేను పడుకుంటే వాడు లేస్తాండాడు. రేపు నేను మేలుకొని ఉండంగానే లేస్తే?"

"అప్పుడు గురువేమన్నాడు అమ్మమ్మా?" అన్నాడు చందూ.

ప్రశ్నలు వద్దన్నానా! ఏమీ అనలేదు. అనేలోపే, పరుపు ఏకమని ఇచ్చిన బసమ్మ వచ్చిపడింది.

"ఏం తాతా! పరుపు పొద్దున్నే ఇస్తానంటివి. కూతురు పసిబిడ్డతో బస్సెక్కింది, మధ్యాహ్నానికి దిగుతుంది. బాలింతను నేల మీద పండబెట్టాల్నా? చూస్తే దూది ఇంకా కుప్పగానే ఉండాది!"

హుసేనప్ప శిష్యుడి వైపు తిరిగాడు. "పోయేవాడివి ఎట్లాగూ పోతావు. ఈ పరుపు ఏకి పో. ఒకటే మాట. పసిబిడ్డ పండుకునేది. దుమ్ము లేవకూడదు."

దస్తగిరి మూట పక్కన పెట్టి కూర్చున్నాడు. దుమ్ము లేవకూడదని నారిని మెల్లగా తాకించాడు. దూది కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా కొట్టాడు. కాస్త దుమ్ము లేచింది.

"లేచింది," అన్నాడు గురువు.

దస్తగిరి చెంబుతో నీళ్ళు తెచ్చి, ఒక గుప్పెడు దూది మీద చిలకరించి కొట్టాడు. నాలుగేళ్ళుగా ఇదే పని చేస్తున్నవాడు, తెలిసి తెలిసి తడి దూదిని ఏకుతాడా? గడ్డ ఇంకా గట్టిపడింది. నారి నాని వదులైంది, టంయ్ అనాల్సింది డబ్ అంది.

"ఏందన్నా ఇది! దూదికి స్నానం పోస్తాండావా?" బసమ్మ నెత్తి కొట్టుకుంది. "బస్సు వచ్చేస్తాది తాతా!"

తడిసిన దూదిని ఎండలో వేసి, నారి బిగించుకుని, వసారాకి తడికలు అడ్డం పెట్టి చూశాడు. గోనెపట్టా కప్పి, దాని కింద చెయ్యి పెట్టి చూశాడు. చెమట కారిపోతోంది. కొంచెం పొగలా ఏదైనా పైకి వస్తే చాలు, వెనక నుంచి గురువు తాపీగా, "లేచింది," అంటున్నాడు.

అయిదోసారికి దస్తగిరి గుండు నేలకేసి కొట్టాడు.

"దుమ్ము లేవకుండా దూది ఎట్లా ఏకేది? ఎవనివల్లనైనా అవుతాదా? నీకు మతి ఉండాదా లేదా?"

వీధి దాకా వినపడింది. బసమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దస్తగిరి చెయ్యి కూడా తన నోటి మీదికే పోయింది.

హుసేనప్ప అతని వైపే చూశాడు. కోపం లేదు, నవ్వూ లేదు. "ఏకలేమా?"

"ఏకలేం సామీ."

"అట్లయితే లేవనీ."

దస్తగిరి తడికలన్నీ తీసేశాడు. విల్లు ఎత్తాడు. టంయ్. టంయ్. వసారా నిండా దుమ్ము. వెంట్రుకలు, ఎండిన వేపాకు, గాజుముక్క, ఎప్పుడో చచ్చిన నల్లులు, ఒక చింతగింజ. బసమ్మ తుమ్ములు మొదలుపెట్టి మానలేకపోయింది. గంట గడిచేసరికి గోడ వారగా దూది మోకాలెత్తున తెల్లగా లేచి నిలబడింది. ఎండలో ఆరిన గుప్పెడూ అందులో కలిసింది. పరుపు నింపారు, కుట్టారు.

హుసేనప్ప చీపురు తీసుకుని నేల మీద రాలినదంతా ఊడ్చి, చేటలోకి ఎత్తి, రెండు చేతులతో బసమ్మకు అందించాడు.

"ఇదో తల్లీ, నీ పరుపు. తీసుకుపో."

బసమ్మ చేటలోకి చూసింది. ఆయన మొహంలోకి చూసింది. "నీకేమైంది తాతా? అది చెత్త! నా పరుపు అదో, ఆడుండాది."

"ఇది కూడా దాంట్లోంచే వచ్చింది గదమ్మా. ఇన్నేండ్లు దీని మీదనే పండుకుంటివి."

"వస్తే? వచ్చింది గదా, పోయింది గదా! ఊడ్చి పారేస్తారు గాని, చేటలో పెట్టి ఇదే నీ పరుపంటారా ఎవరన్నా?"

హుసేనప్ప చేటను శిష్యుడి వైపు తిప్పాడు. చేట అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

దస్తగిరి ఆ చేటలోకి చాలాసేపు చూశాడు. నల్లులనూ చూశాడు, చింతగింజనూ చూశాడు. తరువాత గురువు చేతిలోంచి చేట తీసుకుని వెళ్ళి, దిబ్బ మీద పారబోసి, దులిపి తెచ్చి మూలన పెట్టాడు. తన మూట లోపల పెట్టి వచ్చాడు. గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు.

"బాగుంది వరస!" అంది బసమ్మ. "పరుపు ఎత్తేకి ఇంకో చెయ్యి గావాల. లేపు తాతా ఆయన్ని."

దస్తగిరి మూసిన రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ కదులుతున్నాయి. పెదవులు ఏదో గొణుగుతున్నాయి. కనుబొమలు ముడిపడి, విడిపోయి, మళ్ళీ ముడిపడ్డాయి.

హుసేనప్ప వంగి పరుపుకి ఒక కొస తనే పట్టుకున్నాడు.

"లేపద్దులేమ్మా. పనిలో ఉన్నాడు."

అంతే కథ.

"పనిలోనా? నిద్రపోయాడు కదా!" అంది మృదు.

చందూ చెల్లెలి వైపు చూశాడు. గాలిలో విల్లు పట్టుకున్నట్టు చేతులు పెట్టి, మెల్లగా, "టంయ్," అన్నాడు.

సరే, జరగండి, నన్ను లేవనివ్వండి. వడియాల పిండి సగం గిన్నెలోనే ఉండిపోయింది, ఎండ చూస్తే డాబా దిగిపోతోంది.