దొర చెయ్యి పడని మిరప నారు

అనగనగా ఒక అడవి ఉండేది. ఆ అడవిలో చెట్టు మీద మిరపకాయ ఎర్రబడిందంటే చాలు, జంతువులన్నీ గజగజ వణికేవి.

ఎందుకో వినండి, పిల్లలూ.

ఆ అడవిలో అందరికీ జొన్న గటకే తిండి. గటకలోకి పెద్దలకు మిరపకాయ తొక్కు. కారం ఓర్వలేని పిల్లలకు బుంగమిరప కూర. ఈ రెండింటి నారూ దొరికేది ఒక్కచోటే, తోడేలు దొర నారుమడిలో. దొర ముళ్లకంచె వెనక నారు పెంచి, తొలకరికి ముందు ఇంటింటికీ పంచేది. ఊరికే కాదు. నారు తీసుకున్న ప్రతి ఇల్లూ వానలు పడగానే దొర చేలో ఇరవై రోజులు కలుపు తీయాలి. ఆ ఇరవై రోజుల్లో ఎవరి జొన్న చేను వాళ్లది గడ్డిలో మునిగిపోయేది.

"తోడేలు మిరపకాయ తినదు కదా?" అని అడుగుతారు మీరు. తినదు. దానికి కావలసింది మిరపకాయలు కాదు, వంగిన వీపులు.

"మరి ఇంట్లోనే గింజ వేసుకోవచ్చు కదా?" అని కూడా అడుగుతారు. వేశారు. మొలవలేదు. దొర చెయ్యి పడితే తప్ప మిరప గింజ మొలవదని అందరూ నమ్మారు. ఇంకో మాట కూడా నమ్మారు. కాయ చెట్టు మీదే ఎర్రబడితే ఆ ఇంటికి అరిష్టమట. పచ్చగా ఉన్నప్పుడే కోసెయ్యాలట. ఎర్రకాయ కనిపించిన ఇంటిని దొర వాగు అవతలికి తరిమేసేది. ఆ మాట ఎవరు పుట్టించారని ఒక్కరూ అడగలేదు.

చివరికి ఎల్లవ్వ అడిగింది.

ఎల్లవ్వ ఒక ముసలి ఏదుపంది. దాని వీపు మీద సగం ముళ్లు రాలిపోయాయి. పోయిన ఏడు అది దొర చేలో కలుపు తీసి ఇంటికొచ్చేసరికి, సొంత చేలో జొన్న కంకి ఒక్కటీ లేదు. అంతా గడ్డే. చలికాలమంతా దుంపలు తవ్వుకుని, అవీ అయిపోతే వేళ్లు నమిలి బతికింది. ఇంకో ఏడు ఇలాగే గడిస్తే తాను బతకదని దానికి తెలుసు.

ఒకరోజు నీళ్లకు వెళ్తూ ఎల్లవ్వ మద్దిచెట్టు కింద ఆగిపోయింది. ఆ చెట్టు మీద చిలుక కాపురం. కింద, చిలుక రెట్టల మధ్య, మూడు మిరప మొక్కలు నిక్కి నిలబడి ఉన్నాయి.

"ఓ వదినా!" అని ఎల్లవ్వ పైకి అరిచింది. "ఈ మొక్కలు నాటిందెవరు?"

"నాటడమేంటి, సిగ్గు లేకుండా అడుగుతావు!" అంది చిలుక. "తిన్నది ఎక్కడో ఒకచోట పడాలి కదా!"

"ఏం తిన్నావు?"

"దొర కంచె వెనక ఎర్ర మిరపకాయలు. పండితే తప్ప నేను ముట్టను. మీరు కోసే పచ్చికాయల్లో గింజలకు ఏం బలముంటుంది? కళ్లు తెరవని కూనలవి. మన్నులో పెడితే కుళ్లక ఏం చేస్తాయి?"

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నన్నెవరు అడిగారు వదినా? మీరంతా తల దించుకునే నడుస్తారు."

ఎల్లవ్వకు ఒళ్లు మండిపోయింది. మంత్రం లేదు, మహిమా లేదు. కాయను పండనివ్వకపోతే గింజ మొలవదు. గింజ మొలవకపోతే దొర దగ్గర వీపు వంగుతుంది. ఇంతే సంగతి!

ఎల్లవ్వ తన పెరట్లో ఇంకా కాస్తున్న పోయినేటి మొక్కల మీద ఒక మిరపకాయను, ఒక బుంగమిరపను కోయకుండా వదిలేసింది. పక్కింట్లో ఉండే ఉడుత గంగులు అది చూసి పరుగెత్తుకొచ్చింది.

"అవ్వా, కాయ రంగు తిరుగుతోంది. కొయ్యి!"

"కొయ్యను."

"దొర చూస్తే?"

"చూడనీ."

"అరిష్టం అవ్వా!"

"ఒరే గంగులూ, పోయిన చలికాలం నువ్వేం తిన్నావురా?"

"చింతగింజల పొట్టు."

"కాయ ఎర్రబడకుండానే పొట్టు తిన్నావు. ఇంక దీన్ని మించిన అరిష్టం ఏం మిగిలింది?"

ఉడుత గిరుక్కున తిరిగి ఇంటికి పరుగెత్తింది. కానీ సాయంత్రానికి ఒక పెద్ద టేకాకు తెచ్చి ఆ కాయల మీద కప్పింది. ఏమీ ఎరగనట్టు తోక ఊపుకుంటూ వెళ్లిపోయింది.

కాయలు నిప్పుకణికల్లా పండాయి. ఎల్లవ్వ వాటిని చీల్చి గింజలు తీసింది. ఎండలో పెడితే మాడతాయని నీడలోనే ఆరబెట్టింది. బూడిద కలిపి సొరకాయ బుర్రలో దాచింది.

ఎండలు ముదిరాక మోదుగాకులతో దొప్పలు కుట్టింది. వాటిలో పుట్టమన్ను, చివికిన ఆకుల ఎరువు నింపింది. సగం గింజలు నానబెట్టి, నీటి మీద తేలినవి పారేసింది. మునిగినవాటిని గోరు లోతున పెట్టింది. ఎనిమిదో రోజుకు మిరప మొలకలు తలలెత్తాయి!

ఎల్లవ్వ సంతోషం పట్టలేక రోజుకు మూడుసార్లు నీళ్లు పోసింది. నాలుగు రోజులు తిరగకుండానే మొలకలన్నీ మెడ దగ్గర కుళ్లి పడిపోయాయి.

"చెప్పలేదూ! దొర చెయ్యి పడలేదుగా మరి," అన్నాయి ఇరుగుపొరుగు.

ఎల్లవ్వ చచ్చిన మొలకను పీకి చూసింది. "వేరు బాగుంది. మెడ కుళ్లింది. ఇది అరిష్టం కాదు, నేను నీళ్లు ఎక్కువ పోసిన పాపం. నా తప్పయితే నేను దిద్దుకోగలను. అందుకు నాతోపాటు సంతోషించండి!" అంది.

మిగిలిన గింజలను ఈసారి ఒక్క గడప దగ్గరే పెట్టలేదు. దొప్పలు పట్టుకుని ఇంటింటికీ తిరిగింది.

"నాకొద్దు, పిల్లలున్నదాన్ని," అంది కుందేలు.

"పిల్లలున్నారనే ఇస్తున్నా," అంది ఎల్లవ్వ.

"నేను దొరకు ఎదురు మాట్లాడలేను," అంది అడవికోడి.

"ఎవరు మాట్లాడమన్నారు? నోరు మూసుకునే మన్ను తడుపు. పైమన్ను ఆరితేనే సుమా!"

గంగులు మాత్రం రెండు దొప్పలు లాక్కుని లోపలికి పోయింది.

ఎనిమిది రోజులకు మిరప మొలిచింది. బుంగమిరప మొలవలేదు. పదో రోజూ లేదు. పన్నెండో రోజూ లేదు. "పారేద్దామా?" అని అందరూ అడిగారు. "అది బద్ధకం గింజ కాదు, నిదానం గింజ. ఆగండి," అని ఎల్లవ్వ గదమాయించింది. పద్నాలుగో రోజున బుంగమిరప మొలకలు కూడా మన్ను పగలగొట్టుకుని లేచాయి.

మొక్కలకు ఆరేసి ఆకులు వచ్చేసరికి కబురు దొర చెవిన పడింది. తోడేలు ఉరుకుతూ ఎల్లవ్వ పెరట్లోకి వచ్చింది.

"ఏమే ముసలీ! నా నారు లేకుండా వానాకాలం దాటుదామనుకుంటున్నావా?"

"అనుకోవడం అయిపోయింది దొరా. దాటుతున్నా."

"నా చెయ్యి పడలేదు. ఇవి బతకవు!"

"బతకనివాటి కోసం ఇంత దూరం రొప్పుతూ వచ్చావేం?"

తోడేలు పళ్లు నూరింది. కోపంతో దొప్పల మీద పడింది. ఎల్లవ్వ అడ్డం పడినా ఆగలేదు. ఉన్న దొప్పలన్నీ తొక్కి తొక్కి మన్నులో కలిపేసింది.

"ఇప్పుడు పో! వాగు దాటిపో!" అని గర్జించింది.

ఎల్లవ్వ కదల్లేదు.

అప్పుడు కంచె పక్కన గడ్డి కదిలింది. కుందేలు రెండు చేతులతో దొప్ప పట్టుకుని వచ్చింది. "నా దొప్ప కూడా తొక్కు దొరా. అవ్వతోపాటు నేనూ వాగు దాటుతా," అంది.

అడవికోడి వచ్చింది. అది ఒక్క మాటా మాట్లాడలేదు. తన దొప్పను దొర కాళ్ల ముందు పెట్టి అక్కడే నిలబడింది.

తరవాత గంగులు వచ్చింది. దాని వెనక మిగిలిన ఇళ్లన్నీ వచ్చాయి. ప్రతి చేతిలో ఒక దొప్ప. ప్రతి దొప్పలో పచ్చటి నారు.

"అందర్నీ వాగు దాటించు దొరా," అంది గంగులు. "మరి రేపు నీ చేలో కలుపు ఎవరు తీస్తారు?"

తోడేలు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. ఎల్లవ్వ వీపు మీద మిగిలిన సగం ముళ్లూ నిటారుగా లేచాయి. "ఇంకొక్క దొప్ప మీద నీ కాలు పడిందా, తిరిగి ఇంటికి మూడు కాళ్ల మీద పోతావు!" అంది.

తోడేలు ఒకసారి అందరి ముఖాలూ చూసింది. ఎవరూ తల దించుకోలేదు. తోక ముడిచి తానే వెళ్లిపోయింది.

గంగులు తన రెండు దొప్పల్లో ఒకటి ఎల్లవ్వ చేతిలో పెట్టింది.

తొలకరి పడింది. కలుపుకు రమ్మని దొర కొండెక్కి కొమ్ము ఊదింది. ఒక్కరూ రాలేదు. ఎవరి చేలో వాళ్లు ఉన్నారు. మూడు రోజులు ఊది ఊది, నాలుగో రోజు దొర తానే చేలోకి దిగింది. పుట్టి బుద్ధెరిగి కలుపు తీయని చేతులవి. గడ్డిని వదిలేసి మిరప మొక్కలన్నీ పీకేసింది. ఇంక కాయే లేక, నారుమడిలో మళ్లీ వేయడానికి గింజ కూడా మిగల్లేదు.

కోతలయ్యాక ఒక సాయంత్రం తోడేలు ఎల్లవ్వ పెరటి బయట నిలబడి గొంతు సవరించుకుంది.

"ఎల్లవ్వా... కాసిని గింజలు ఇస్తావా?"

ఎల్లవ్వ ఎర్రగా పండిన కాయ ఒకటి తెంపి కంచె మీద నుంచి విసిరింది.

"తీసుకో. గింజ అడిగినవాళ్లకు లేదనే బుద్ధి నాది కాదు. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. మన్ను నువ్వే తవ్వుకో, నీళ్లు నువ్వే పోసుకో, కలుపు నువ్వే తీసుకో!"

నీతి: ఎవడైనా "అరిష్టం" అని భయపెడితే, ఆ భయం వల్ల లాభం ఎవడికో ముందు అడగండి, గింజ మన చేతిలో ఉంటే మన వీపు ఎవడి ముందూ వంగదు.