కోట లోపలి గడి

రేచన తయారుచేసిన ఆటలో ఏనుగులు ఎక్కువైపోయాయి. మొదట రెండే ఉండేవి. ఆడినవాళ్లకు నచ్చలేదని నాలుగు చేశాడు. అప్పటికీ నచ్చకపోతే రాళ్లు విసిరే యంత్రం ఒకటి చెక్కి పెట్టాడు. అయినా ఎర్రదిన్నె కోటలోని దండనాయకులు ఒకసారి ఆడి లేచిపోయేవారు. రెండోసారి కూర్చున్నవాడు లేడు.

అతను ఇరవై ఏళ్లు యుద్ధాలు చేసిన రౌతు. ఏడు కోటలు పట్టిన సైన్యంలో ముందు వరసలో ఉన్నాడు. ఏడో కోట దగ్గర మోకాలిలో ఈటె దిగింది. గాయం మానింది కానీ కుంటు మిగిలింది. ఇక యుద్ధానికి పనికిరాడన్నారు. కోట ప్రభువు మల్లప నాయకుడు అతన్ని వదులుకోలేక వేరే పని అప్పగించాడు. వానాకాలంలో దండయాత్రలు ఉండవు కదా, ఆ నాలుగు నెలలూ దండనాయకులు ఆడుతూ నేర్చుకునేలా ఒక యుద్ధపు ఆట తయారుచేయమన్నాడు.

రేచన పెద్ద గుడ్డ మీద గళ్లు గీశాడు. కర్రతో సైన్యాలు చెక్కాడు. ఈ పని కూడా చేజారితే కోటలో తనకు చోటుండదని అతనికి తెలుసు. వానాకాలం సగం గడిచింది.

ఒక ఉదయం ఆటను మూటగట్టుకుని కోట బయట రాతిగుడిసెలో ఉండే మిస్కిన్ షా దగ్గరికి వెళ్లాడు. ఆయన ముసలి ఫకీరు. గాయంతో పడి ఉన్న రోజుల్లో రేచనకు ధైర్యం చెప్పింది ఆయనే. అప్పటినుంచీ ఆయన్నే గురువుగా భావించేవాడు. గుడ్డ పరిచి, తన బాధంతా చెప్పి, ఇంకా ఏ ఆయుధం చేర్చాలో చెప్పమని అడిగాడు.

బాబా గుడ్డకు అటువైపు కూర్చున్నాడు. ఆడదాం రమ్మన్నాడు.

ఆయన ఆట ఘోరంగా ఉంది. ఏనుగులను తీసుకెళ్లి ఏట్లో దించాడు. కాపలావాళ్లను తలుపు దగ్గరనుంచి తప్పించాడు. పది ఎత్తుల్లో కోట రేచన చేతికి వచ్చింది.

"గెలిచావు. లోపలికి రా" అన్నాడు బాబా.

రేచన తన గుర్రాన్ని నడిమి గడిలో పెట్టాడు.

"లోపల ఏముంది?"

రేచన గుడ్డవైపు చూశాడు. "ఏమీ లేదు బాబా. ఖాళీ గడి."

"మరి దేనికోసం వచ్చావు?"

రేచన తాను పట్టిన ఏడు కోటలనూ గుర్తు చేసుకున్నాడు. ప్రతి గోడ ఎత్తూ చెప్పగలడు. ఏ తలుపు ఎన్ని దెబ్బలకు విరిగిందో చెప్పగలడు. గోడ దాటాక ఏం చూశాడో ఒక్క కోట గురించి కూడా చెప్పలేకపోయాడు.

బాబా ఒక చిన్న కుండ తెచ్చి అతని చేతిలో పెట్టాడు. నువ్వులనూనె అయిపోయిందనీ, ఊళ్లోకి వెళ్లి తెమ్మనీ చెప్పాడు. రేచన బయట కట్టేసిన తన గుర్రం వైపు నడిచాడు. కుంటి నడక నలుగురూ చూస్తారని అతను ఊళ్లో ఎప్పుడూ గుర్రం దిగేవాడు కాదు.

"నడిచి వెళ్లు" అన్నాడు బాబా.

గానుగ దగ్గర ఎల్లక్క అనే ఆమె ఎద్దుకు నీళ్లు పెడుతోంది. ఎద్దు తాగి, కాస్త నిలబడితే తప్ప గానుగ తిరగదని చెప్పి రేచనను కూర్చోమంది. కోటగోడ మీద రాత్రుళ్లు వెలిగే కాగడాలకు నూనె ఎవరిస్తున్నారనుకున్నావని మాటల్లో అడిగింది. ఇరవై ఏళ్లు ఆ కాగడాల కింద కాపలా కాసినవాడు ఆ సంగతి ఎన్నడూ ఆలోచించలేదు.

ఎద్దు ఆలస్యం చేస్తుంటే అతను లేచి నాలుగు వీధులూ తిరిగాడు. సాలెవీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలవాళ్లు రెండు మగ్గాల మధ్య నూలు సాగదీస్తూ పాడుతున్నారు. ఒకరు వలస పోతే అందరూ పోతామన్నారు. అడవినుంచి వచ్చిన గోండులు తేనె ఇచ్చి ఉప్పు పుచ్చుకుంటున్నారు. చీకటి పడేలోగా వాళ్లు మళ్లీ అడవి చేరాలి, కోటలో నిద్రపోరు. సముద్రం దాటి వచ్చిన అరబ్బు గుర్రాల వర్తకులు అతన్ని పిలిచి ఖర్జూరాలు పెట్టారు. ఏరు పొంగింది కనుక నెల దాకా కదలలేమని నవ్వుతూ చెప్పారు. కుంటి నడకను ఎవరూ పట్టించుకోలేదు. ఒక మంత్రసాని మాత్రం ఆపి, మోకాలికి ఆముదపాకు కట్టమంది.

ఉదయం వెళ్లినవాడు సాయంత్రానికి తిరిగొచ్చాడు. కుండ బాబాకు ఇచ్చి, చూసిందంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. బాబా మధ్యలో ఒక్కసారే మాట్లాడాడు, ఖర్జూరాలు తనకు మిగిల్చాడా అని.

మర్నాటినుంచి రేచన ఉలి పట్టుకుని కదల్లేదు. ఏనుగులు మళ్లీ రెండయ్యాయి. యంత్రాన్ని పొయ్యిలో వేశాడు. ఎల్లక్క గానుగను చెక్కాడు, అది ఆగితే గోడమీద కాగడాలు ఆరిపోతాయి. సాలెవాళ్లు కదిలితే అందరూ కలిసే కదులుతారు. గోండుల బొమ్మ కోటలో రాత్రి ఉండదు, కానీ వాళ్లను అడగకుండా ఏ సైన్యమూ అడవి దాటడానికి వీల్లేదు. అరబ్బు గుర్రాలు రావాలంటే ఏటి దారి తెరిచి ఉండాలి. సంతరోజున ఎవరూ కోట తలుపు మూయకూడదు. మంత్రసానిని ఏ సైనికుడూ ఆపకూడదు, శత్రువైనా సరే.

కొత్త ఆట సిద్ధమయ్యాక దండనాయకులు మొహమాటానికి కూర్చున్నారు. భోజనానికి పిలిస్తే ఒక్కరూ లేవలేదు. మర్నాడు వాళ్లే ముందొచ్చి గుడ్డ పరిచారు.

మూడో రోజు మల్లప నాయకుడు స్వయంగా చూడటానికి వచ్చాడు. రేచన కబురు పెడితే మిస్కిన్ షా కూడా వచ్చి ఒక పక్కన కూర్చున్నాడు. ఏనుగులదళం అధిపతి బొల్లప్ప, ఆరుగురిని ఒంటిచేత్తో ఎదిరించాడని పేరున్నవాడు, గుడ్డ మీదికి వంగి వాదిస్తున్నాడు. కుండలు కాల్చే కుమ్మరి ఆవం అక్కడ పెడితే పొగంతా సాలెవీధి మీదికి పోతుందనీ, నూలు పాడవుతుందనీ అతని గొడవ. ఎదుటి పక్షంవాడు, అంటే శత్రువు, ఔనౌనని ఒప్పుకుని ఆవాన్ని ఏటివైపు జరపడానికి చోటు వెతుకుతున్నాడు. గోడ బయట రెండు ఏనుగులూ ఊరికే నిలబడి ఉన్నాయి.

ప్రభువు చాలాసేపు చూశాడు.

"మూడు రోజులైంది, ఒక్కడూ దాడి చేయలేదు" అన్నాడు ప్రభువు, బాబా వైపు తిరిగి. "ఇది యుద్ధపు ఆటేనా బాబాగారూ?"

"యుద్ధపు ఆటే ప్రభూ" అన్నాడు మిస్కిన్ షా. "ఊళ్లో పని తెమలడం లేదు, అంతే."

బొల్లప్ప తల ఎత్తకుండానే కాస్త పక్కకు జరిగాడు. ప్రభువు చెప్పులు విడిచి, ఆ చోట కూర్చున్నాడు.