గోరింక సాక్ష్యం

బుట్టలల్లే నాంచారమ్మ పక్కింట్లో రాజుగారి సేనను నడిపే దళవాయి భైరప్ప రోజూ తెల్లారకముందే పాటందుకునేవాడు. జబ్బుపడిన ఆమె మొగుడికి కంటిమీద కునుకుండేది కాదు. రాజుగారికి మొరపెట్టుకుంటే, "ఇంట్లో నేను పాడనే పాడను ప్రభూ" అని బొంకాడు దళవాయి.

నాంచారమ్మ పిట్టలు అమ్మేవాడి దగ్గరకెళ్లింది. నేర్పితేనే పలికే చిలుక వద్దని, విన్నదల్లా పలికే గోరింకను తెచ్చి పక్కింటి వైపు గోడకు వేలాడదీసింది.

కొన్నాళ్లకు ఆమె కొలువుకు తీసుకెళ్లిన గోరింక, అచ్చం దళవాయిలా పాటెత్తుకుంది. సభంతా పకపకా నవ్వింది. దళవాయి ఉండబట్టలేక, "ఛీ! ఆ గమకం నేను అలా పాడను!" అని అరిచాడు.

"మరి ఇంట్లో ఎలా పాడతారో వినిపించండి దొరా" అంది నాంచారమ్మ.

రాజు నవ్వుతూ దళవాయి మకాం ఊరవతలికి మార్పించాడు.

ఎన్నో ఏళ్లకు, మొగుడూ పోయాక, నిద్రపట్టని తెల్లారగట్ల నాంచారమ్మ ముసలి గోరింకను బతిమాలుకునేది: "ఏదీ, పక్కింటాయన పాట ఒక్కసారి ఎత్తుకోవే!"