అచ్చియ్యమ్మ కట్టిన మూడు గింజలు

అనగా అనగా, ఏరు ఇప్పటికన్నా వెడల్పుగా, ఊళ్ళు ఇప్పటికన్నా చిన్నవిగా ఉన్న కాలం. ఆ ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో చిల్లగింజలు అమ్ముకుని బతికే ఒక విధవరాలు. పేరు అచ్చియ్యమ్మ.

చిల్లగింజంటే ఎరుగుదురా? అడవిలో కాసే చిన్న గుండ్రటి గింజ. ఏటికి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు ఆ గింజని కుండ లోపల అరగదీసి నీళ్ళు పోస్తే, మన్నంతా అడుక్కి దిగిపోతుంది. పైన నీళ్ళు తేటపడతాయి. అచ్చియ్యమ్మ కొండకి పోయి ఆ గింజలు ఏరుకొచ్చేది. గంప నెత్తిన పెట్టుకుని గడప గడపకీ తిరిగేది. దోసెడు గింజలకి గిద్దెడు నూకలు పోసేవారు.

ఆమెకి ఒక్కతే కూతురు, మంగాయి. ఏటికి దిగువన నడిమి లంకలో ఇచ్చింది. పెళ్ళై ఇంకా ఏడాది తిరగలేదు.

ఆ ఏడు వాన కురిసింది కురిసినట్టే ఉంది. మొదటి రోజు ఏరు చేలల్లోకొచ్చింది. రెండో రోజు వీధుల్లోకొచ్చింది. మూడో రోజు ఇళ్ళ కప్పులెక్కింది. జనం పిల్లాజెల్లాతో ఊరవతల మట్టిదిబ్బ ఎక్కారు. ఒకరు మేకని మోసుకొచ్చారు, ఒకరు ముసలితల్లిని మోసుకొచ్చారు. అచ్చియ్యమ్మ గింజల గంప మోసుకొచ్చింది.

చుట్టూ నీళ్ళే. తాగడానికి గుక్కెడు లేవు. పశువుల కళేబరాలు తేలుతున్న ఆ బురదనీళ్ళే పిల్లలు తాగారు. వాంతులు పట్టుకున్నాయి, విరేచనాలు పట్టుకున్నాయి.

దిబ్బ మీద ఉన్నవి రెండే కుండలు. అచ్చియ్యమ్మ వాటి ముందు కూర్చుంది. గింజ అరగాలి, మన్ను దిగాలి, నీళ్ళు తేరాలి. తేరిన నీళ్ళు కాచి, చల్లార్చి, పిల్లల నోట్లో పొయ్యాలి. ఆమె వేళ్ళ చర్మం లేచిపోయింది. కళ్ళు మాత్రం దిగువకే ఉన్నాయి.

మొదటి పడవ వచ్చింది. బియ్యం తెచ్చింది.

"నాయనా, నడిమి లంక మీదుగా వచ్చారా? మా మంగాయి కనబడిందా? గడ్డం మీద పచ్చబొట్టు చుక్క ఉంటాది."

"లేదమ్మా, మేం ఎగువ నుంచి వచ్చాం."

ఆమె ఉండబట్టలేకపోయింది. ఒక పూట కుండలు వదిలి, మొలలోతు నీళ్ళలో గట్టు పట్టుకుని దిగువకి నడిచింది. కోసెడు దూరం పోయేసరికి గట్టు తెగిపోయి ఉంది. వెనక్కొచ్చింది. వచ్చేసరికి కుండలు ఖాళీ. దాహం ఆగక జనం మళ్ళీ ఏటినీళ్ళే తాగారు. సాలె వీరన్న బిడ్డ తల్లి ఒళ్ళో కన్నుమూసింది.

ఎవరూ ఆమెనొక మాట అనలేదు. ఆమె ఆ పసిదాని పాదాలు తుడిచి, కుండ ముందు కూర్చుంది. గింజ అరగాలి, మన్ను దిగాలి, నీళ్ళు తేరాలి.

రెండో పడవ వచ్చింది. బట్టలు తెచ్చింది. "మా మంగాయి కనబడిందా?" "లేదమ్మా."

మూడో పడవ వచ్చింది. అందులో దివాణం ఉద్యోగి ఉన్నాడు. "బియ్యం ఇచ్చాం, బట్టలిచ్చాం. ఇంకా ఏం కావాలి?" అన్నాడు.

అచ్చియ్యమ్మ లేచింది. "కుండలు కావాలి బాబూ. ఎండుకట్టెలు కావాలి. ఇక్కడ ఆకలితో పోయినవాళ్ళు లేరు. నీళ్ళతో పోతున్నారు."

ఉద్యోగి తన పడవలోని వంటకుండలూ కట్టెలూ అక్కడే దింపించాడు. తరవాత అడిగాడు, "నీ కూతురిది నడిమి లంక అంటున్నారు. మేం అటే పోతున్నాం. ఒక మనిషికి చోటుంది. ఎక్కుతావా?"

ఆమె పడవని చూసింది. ఏటిని చూసింది. వెనక్కి తిరిగి చూసింది. చింకిచాప మీద పదకొండుమంది పిల్లలు వరసగా పడుకుని ఉన్నారు. చివర్న పడుకున్న ముత్యాలు అనే పిల్ల నాలుక బయటపెట్టి కుండ వైపే చూస్తోంది.

"ఎక్కను బాబూ," అంది. కొంగు చింపి గుప్పెడు గింజలు మూటకట్టి పడవవాడి చేతిలో పెట్టింది. "మా మంగాయికియ్యి. అత్తారింటికి పోయేటప్పుడు నాలుగు గింజలు కట్టలేదు. ఇంటినిండా అవే కదా, కావాలంటే వస్తాదిలే అనుకున్నాను."

పిల్లలు తేరుకున్నారు. పదకొండుమందీ లేచి కూర్చున్నారు. పడవవాడు తిరిగొచ్చాడు. మూట విప్పకుండా అలాగే తెచ్చిచ్చాడు.

"అక్కడ లంక లేదమ్మా. ఏరు పారుతోంది. పూరికప్పు మీద కొందరు బతికే సముద్రం వైపు కొట్టుకుపోయారని చెప్పుకుంటున్నారు. అందులో ఎవరెవరో తెలీదు."

బతికే, అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని అచ్చియ్యమ్మ పదేళ్ళు బతికింది. ఆగిన పడవనల్లా అడిగింది. ఏ పడవా చెప్పలేదు.

ముత్యాలు పెద్దదయింది. ఏటికవతల ఊరికి మనువు కుదిరింది. పడవ ఎక్కుతుంటే అచ్చియ్యమ్మ వచ్చి ఆ పిల్ల కొంగున మూడు గింజలు ముడేసింది.

"అత్తా, నేను పోయే ఊళ్ళో బావి ఉందంట," అంది ముత్యాలు.

"ఉండనీ తల్లీ. ఎర్రనీళ్ళు వచ్చిన రోజున ఇవి అరగదియ్యి. నీళ్ళు తేరాక ఏటి గట్టెక్కి ఒక్క కేక వెయ్యి. 'అమ్మా, ఉన్నాను' అను. నీకు అమ్మ ఉంది, నాకు తెలుసు. అయినా అను."

తొలకరి దాటి ఏరు ఎర్రబడింది. అచ్చియ్యమ్మ పొద్దున్నే ఒడ్డుకి పోయి కూర్చుంది. మధ్యాహ్నం గాలి అవతలి నుంచి తిరిగింది. పక్కన బట్టలుతుకుతున్నవాళ్ళకి ఏమీ వినబడలేదు. ఆమె మాత్రం చప్పున లేచి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "ఉండవే తల్లీ, ఉండు!" అని కేకేసింది.

ఆ చలికాలంలోనే పోయింది.

ఇప్పటికీ ఆ ఒడ్డున ఆడపిల్లని అత్తారింటికి పంపితే, చీరలు మరిచినా మరుస్తారు గానీ కొంగున మూడు చిల్లగింజలు మరవరు. ఏరు ఎర్రబడిన మొదటి రోజు మీరెప్పుడైనా అటు పోతే వినండి. ఈ గట్టు నుంచీ ఆ గట్టు నుంచీ, కొత్త కోడళ్ళూ మనవలెత్తిన ముసలమ్మలూ, తల్లులున్నవాళ్ళూ లేనివాళ్ళూ, ఏటి మీదికి కేకేస్తారు:

"అమ్మా, ఉన్నాను!"