వెనకముందుల పందెం

ఆ పందెం పేరెత్తితేనే రెడ్డిరాణికి ఒళ్ళు మండేది.

మదనపల్లెలో బాహుదా రన్నర్స్ క్లబ్బు వాళ్ళు ఏటా ఉగాది వెళ్ళిన ఆదివారం ఆ పందెం పెడతారు. ఊళ్ళో దాన్ని వెనకముందుల పందెం అంటారు. అందులో అందరూ ఒక్కసారే బయలుదేరరు. నిదానంగా పరిగెత్తేవాళ్ళు ముందు, వాళ్ళకంటే చురుకైనవాళ్ళు ఆ తర్వాత, అందరికంటే వేగంగా పోయేవాళ్ళు చిట్టచివర. ఎవర్ని ఎప్పుడు వదలాలో నిర్ణయించేది పీరాన్ సార్. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన అంచనా కుదిరితే ఊరివాళ్ళంతా ముగింపు గీత దగ్గరికి ఒక్కసారే వచ్చి పడతారు. వాళ్ళలో ఎవరు ముందు దాటితే కప్పు వాళ్ళది.

మూడేళ్ళుగా చిట్టచివర బయలుదేరేది రెడ్డిరాణే. క్లబ్బులో ఆ పిల్లతో సమానంగా పరిగెత్తే మగవాళ్ళు కూడా లేరు. అయినా ఆ కప్పు ఒక్కసారీ ఆమె చేతికి రాలేదు. ఒక ఏడు ఎరువుల కొట్టాయన తీసుకుపోయాడు. పోయినేడు, రిటైర్మెంటుకు దగ్గరపడిన నర్సు సుగుణమ్మ తీసుకుపోయింది.

ఈసారి పందెం మొదలయ్యే క్లబ్బు షెడ్డు దగ్గరికి వచ్చి, తనను ఎప్పుడు వదులుతారో వినేసరికి రెడ్డిరాణికి ఏడుపొక్కటే తక్కువ.

"ఏం సార్ ఇది? పోయినేటికంటే ఇంకా వెనక్కి తోసినారే నన్ను!"

"పోయినేటికంటే బాగా పరిగెత్తతా ఉండావు కదా" అన్నాడు పీరాన్ సార్.

"బాగా పరిగెత్తేది తప్పా సార్? రోజూ కోడి కుయ్యకముందే లేచి గుట్ట ఎక్కి దిగేది నేను. కప్పు ఎత్తుకునేది ఇంకొకరు. ఇదేం న్యాయం? అందరితో పాటే పంపండి. లేదంటే నేను పరిగెత్తను."

చొక్కాకు గుచ్చిన నంబరు పీకి బల్ల మీద పెట్టేసింది.

పీరాన్ సార్ ఆ నంబరు వైపు చూడలేదు. కోప్పడనూ లేదు. నీళ్ళ గ్లాసులున్న ట్రే ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"సరేలేమ్మా. పరిగెత్తకపోతే పోనీ, వచ్చేవాళ్ళకు నీళ్ళియ్యి."

పక్కనున్న గుట్టను ఒక చుట్టు చుట్టి, మళ్ళీ షెడ్డు ముందు నుంచే పోయి, ఏటి వంతెన దగ్గర తిరుక్కుని వెనక్కి రావాలి. అదీ దారి. ఈల మీద ఈల మోగింది. ఒక్కొక్క గుంపే వెళ్ళిపోయింది. ట్రే పట్టుకుని, మూతి ముడుచుకుని రెడ్డిరాణి రోడ్డు వార నిలబడింది.

గుట్ట చుట్టి మొదట వచ్చింది సుగుణమ్మ. చెమటతో ముఖం మెరిసిపోతోంది. కాళ్ళీడుస్తూ వచ్చి గ్లాసు అందుకుంది. అందుకుంటూ ఎవరి చేతిలోంచి తీసుకుంటోందో చూసింది.

"ఓయమ్మా! ఇది ఇంకా ఈడే ఉండాది!"

రెండు గుక్కలు తాగి, గ్లాసు ట్రేలోకి గిరాటేసి పరుగందుకుంది. అప్పటిదాకా ఈడ్చిన కాళ్ళు ఆమెవేనా అనిపించింది.

ఆమె వెనకాల లెక్చరర్ గోవర్ధన్ వచ్చాడు. వచ్చాడనేకంటే నడిచాడనాలి. నడుం మీద చెయ్యి, ముందు పొట్ట. ఏ ఏడూ ఆయన పందెం పూర్తి చేసింది లేదు. గుట్ట దాటగానే ఆటో ఎక్కి ఇంటికి పోవడం అలవాటు.

"నువ్వింకా బయలుదేరలేదా పాపా?"

రెడ్డిరాణి తల అడ్డంగా ఊపింది.

లెక్చరర్ ఒకసారి వంతెన వైపు చూశాడు. ఒకసారి ఆ పిల్ల కాళ్ళ వైపు చూశాడు. నీళ్ళు కూడా తీసుకోకుండా లగెత్తాడు.

అట్లా ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఆమెను చూసినవాళ్ళెవరూ ఆగలేదు. చివరికి బస్ కండక్టర్ నరసింహులు వచ్చి, "ఈసారి వంతెన దాకా నిన్ను దాటనిస్తే నా పేరు మార్చుకుంటా!" అని పోతూ పోతూ అరిచాడు.

నువ్వు పరిగెత్తుతావా అని ఒక్కరూ అడగలేదు. పరిగెత్తదేమో అన్న ఊహే వాళ్ళకు రాలేదు.

రెడ్డిరాణి పీరాన్ సార్ వైపు తిరిగింది. ఆయన వాచీ చూసుకుంటూ ఉన్నాడు. ఈల నోట్లోనే ఉంది. గీత దగ్గర ఎవరూ లేరు.

ట్రే బల్ల మీద పెట్టింది. నంబరు తీసుకుంది. గబగబా చొక్కాకు గుచ్చుకుని గీత దగ్గరికి పోయింది.

ఈల మోగింది.

ఆ రోజు ఆమె పరిగెత్తినట్టు అంతకుముందెన్నడూ పరిగెత్తలేదు. గుట్ట చుట్టి వచ్చేసరికి రోడ్డుకు రెండు వైపులా జనం. "వస్తాంది! రెడ్డిరాణి వస్తాంది!" అన్న కేక టీకొట్టు నుంచి పంచరు షాపుకు, అక్కడి నుంచి వంతెనకు ఆమెకంటే ముందే పోయింది. ఆ కేక చెవిన పడ్డవాళ్ళల్లా పళ్ళు బిగించారు. నరసింహులు అన్నంత పనీ చేశాడు, వంతెన దాకా దాటనియ్యలేదు. వంతెన మీద దాటింది. సుగుణమ్మను చివరి మలుపులో దాటింది. దాటేటప్పుడు సుగుణమ్మ రొప్పుతూనే "పో తల్లీ, పో!" అంది.

ఇక ముందున్నది ఒక్కడే. లెక్చరర్.

ముఖం కందిపోయి, చొక్కా ఒంటికి అతుక్కుని, ఎటు పడితే అటు చేతులు విసురుతూ ఆయన పోతున్నాడు. రెడ్డిరాణి జాలిపడలేదు. ఒక్క అడుగు కూడా తగ్గించలేదు. ఉన్న బలమంతా పెట్టింది. జానెడు తేడాతో గీత దాటింది లెక్చరరే.

ఆయన రోడ్డు మీదే కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "ఒరే, నేనేనా? నేనేనా?" అని కనబడ్డవాళ్ళనల్లా అడుగుతున్నాడు. వెనకే సుగుణమ్మ, ఆమె భుజం రాసుకుంటూ నరసింహులు, ఇంకా ఎవరెవరో వచ్చి గుట్టగా పడ్డారు. అందరూ రొప్పుతున్నారు, అందరూ నవ్వుతున్నారు.

రెడ్డిరాణి మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగి నిలబడింది. పీరాన్ సార్ వచ్చి పక్కన నిలుచున్నాడు. ఆ గుంపు వైపు చెయ్యి చూపించాడు.

"చూసినావా" అన్నాడాయన. "ఊరినంతా ఉరికించినావు."

రెడ్డిరాణి నడుం నిటారు చేసి నిలబడింది.