కుళ్లాయప్ప వంత

ఓబులేసుకు పాట రావడం లేదు.

ఈ మాట చెబితే ఎవరూ నమ్మలేదు. చుట్టుపక్కల ఏ ఆశ్రమంలో గురువారం భజన జరిగినా, ఓబులేసు కట్టిన తత్వం ఒక్కటైనా పాడనిదే హారతి ఇచ్చేవాళ్లు కాదు. కుట్టుమిషను తొక్కుతూ పల్లవి కడతాడనీ, చొక్కాకు బొత్తాలు కుట్టేలోపు చరణం కూడా అయిపోతుందనీ జనం చెప్పుకునేవాళ్లు. అది ఉత్త కోత అని ఓబులేసుకు తెలుసు. కాదని మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు అతను కట్టాల్సింది కుళ్లాయప్ప మీద పాట.

కుళ్లాయప్ప అతనికి వంత పాడేవాడు. ఓబులేసు ఒక పాదం పాడితే, దాన్ని అందుకుని తిరిగి పాడటం అతని పని. ఇద్దరికీ మీసాలు రాకముందు నుంచీ అదే వరస. పగలంతా చెనిక్కాయల మిల్లులో వేరుశనగ పొట్టు ఎత్తి, సాయంత్రం ఒళ్లు కడుక్కుని, తాళాలు పట్టుకొచ్చి ఓబులేసు ఎడమపక్కన కూర్చునేవాడు. ఒక గురువారం రాలేదు. మిల్లు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైపోయాయని ఆస్పత్రిలో చెప్పారు. ఏం చెయ్యాలో ఇంట్లోవాళ్లు తేల్చుకునేలోపే మనిషి పోయాడు.

వాళ్ల గురువు పక్కీరప్ప సామి. ఆయన ఆశ్రమంలో ఒక ఆచారం ఉంది. భజనలో కూర్చునే మనిషి పోతే, పక్కన కూర్చున్నవాడే అతని మీద పాట కట్టాలి. మాసికం నాడు సమాధి దగ్గర దాన్ని పాడాలి. ఆ తరవాత ఆ పాట అందరిదీ అవుతుంది, ప్రతి ఏడూ ఆ మనిషి పేరు ఒకసారి భజనలో వినబడుతుంది. పాట కట్టకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. అట్లా ఎన్నడూ జరగలేదు.

మట్టి చేసిన వారానికి కుళ్లాయప్ప భార్య లాలెమ్మ, ఓబులేసు కుట్టు దుకాణానికి వచ్చి గడప దగ్గర నిలబడింది.

"బావా, ఒక మాట అడగల్ల అని వచ్చినా."

"చెప్పమ్మా."

"ఆయప్ప బతికినన్నాళ్లూ నీ పాటలే పాడినాడు. ఆయప్పదని ఒక పాట ఉంటే, రేపు పిల్లోళ్లకు మీ నాయన ఇట్లాంటోడు అని వినిపిచ్చుకుంటా. ఇంట్లో ఇంకేమీ లేదు బావా."

"నేను లేనా తల్లీ? ఎందుకుండదు!" అన్నాడు ఓబులేసు. ధీమాగానే అన్నాడు. ఆ ధీమా ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఉంది.

ఆ సాయంత్రం తంబూర ముందేసుకుని కూర్చున్నాడు. మాటలకేమీ కొదవ లేదు. దేహం కోట అన్నాడు, దానికి తొమ్మిది వాకిళ్లు అన్నాడు, లోపలి చిలక ఎగిరిపోయిందన్నాడు. పాట తయారైంది. మర్నాడు పొద్దున్నే పట్టుకెళ్లి గురువుకు వినిపించాడు.

పక్కీరప్ప సామి బియ్యంలో రాళ్లు ఏరుకుంటున్నాడు. పాట అయిపోయేదాకా చేట కదిలించలేదు.

"బాగుందిరా ఓబులేశా. పోయినేడు కాలం చేసిన మునసబు మీద కట్టినావా?"

"అదేంది సామీ! మన కుళ్లాయప్ప మీద."

"అట్లనా!" అని ఆయన మళ్లీ చేటలోకి తల వంచాడు.

ఓబులేసుకు చెంప మీద కొట్టినట్టయింది. ఇంటికి వచ్చి మిషను ముందు కూర్చుంటే పని సాగలేదు. ఎవరి చొక్కాకో జేబు తలకిందులుగా కుట్టాడు. విప్పి మళ్లీ కుట్టబోతే సూది విరిగింది. దుకాణానికి తలుపు వేసేసి, పాట వెతుక్కుంటూ బయలుదేరాడు.

కొండెక్కి కూర్చున్నాడు. గాలి బాగుంది, నిద్ర పట్టింది. ఏటి గట్టుకు పోయాడు, ఏట్లో నీళ్లు లేవు. తంబూర తీగల మీద అనుమానం వచ్చి కొత్త తీగలు వేయించాడు. పొరుగూరి ఆశ్రమానికి పోయి, అక్కడివాళ్ల పాటలు విని, ఇంతకన్నా నేనే నయమనుకుని కాస్త కులాసా పడ్డాడు. దారిలో ఆ కులాసా కూడా దిగిపోయింది. ఒకరోజు ఒంటిపూట తిన్నాడు, ఇంకోరోజు అసలే తినలేదు. ఆకలేసింది తప్ప పాట రాలేదు. చేలగట్ల మీద అటూ ఇటూ తిరుగుతున్న అతన్ని చూసి, గొర్రె తప్పిపోయిందా అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు.

లాలెమ్మ ఎదురైతే పక్కసందులోకి తిరిగేవాడు. ఆమె చూసీ చూడనట్టు పోయేది. అది ఇంకా కష్టంగా ఉండేది.

ఎట్లాగో పళ్ల బిగువున రెండో పాట కట్టి, గురువారం భజనలో పాడాడు. ఇందులో చిలక లేదు. సముద్రం వచ్చింది, అందులో నావ, నావకు చుక్కాని వచ్చాయి. పాదాలు చాంతాడంత. కుళ్లాయప్ప పోయాక వంతకు కూర్చుంటున్న రంగప్ప, ఒక పాదం అందుకుని సగంలో ఊపిరి చాలక ఆగిపోయాడు.

"అన్నా, ఇది పాడల్లంటే మధ్యలో ఒక టీ తాగల్ల" అన్నాడు. భజన మొత్తం నవ్వింది. సామి నవ్వలేదు.

"దీన్ని దాచిపెట్టుకోరా" అన్నాడు. "నేను పోయినప్పుడు పనికొస్తాది. మునసబుకైనా సరిపోతాది, నాకైనా సరిపోతాది."

అందరూ లేచిపోయాక ఓబులేసు కదలకుండా అక్కడే ఉండిపోయాడు. అతనికి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఎగతాళి చేస్తారేంది సామీ? మాసికం మీదికొస్తాంది. ఆ యమ్మకు మాటిచ్చినా. అరవై పాటలు కట్టినోణ్ణి, నా కుళ్లాయప్పకు ఒక్కటి కట్టలేకుండా ఉండా. ఏం చెయ్యల్లనో చెప్పండి. జపం చెయ్యమంటే చేస్తా. తిరపతికి నడవమంటే నడుస్తా. నేనేదో తప్పు చేసింటా, అదేందో చెప్పండి!"

పక్కీరప్ప సామి హారతి పళ్లెం పక్కన పెట్టాడు.

"వచ్చే గురువారం రా. పాడుదువు" అన్నాడు.

అంతే. చెప్పులు వేసుకుంటూ ఓబులేసు మనసులో గురువును కూడా నాలుగు తిట్టుకున్నాడు.

గురువారం దీపాలు పెట్టేవేళకు జనం వచ్చి వరసగా కూర్చున్నారు. ఎడమపక్కకు రంగప్ప జరగబోతే సామి వద్దని చెయ్యి చూపించాడు.

"ఈ పొద్దు వంత ఎవురూ పాడొద్దండి" అన్నాడు. "తాళం మాత్రం వెయ్యండి. ఓబులేశా, నీ బండి పాట అందుకో. ఒక పాదం పాడల్ల. వంత పాడేంతసేపు ఆగల్ల. ఆ తర్వాతే రెండో పాదం."

బండి పాట అంటే ఓబులేసుకు పేరు తెచ్చిన పాట. నిద్రలో లేపి పాడమన్నా పాడతాడు. తంబూర శ్రుతి చేసుకుని అందుకున్నాడు.

"బాడిగ బండిరా ఇది..."

తాళాలు మోగాయి. వంత లేదు. అతనికి సిగ్గుగా అనిపించింది. ఒట్టి తాళానికి ఎదురుగా నోరు మూసుకుని కూర్చోవడం బజారులో గోచి ఊడినట్టు ఉంది. ఆగలేక రెండో పాదం ఎత్తుకోబోయాడు. సామి అరచెయ్యి చూపించాడు. ఆగాడు.

"బరువెక్కువ వెయ్యొద్దు..."

మళ్లీ తాళాలు. ఈసారి ఓబులేసు చెవి తనంతట తానే ఎడమపక్కకు పోయింది. అక్కడ ఎవరూ లేరని తెలుసు. అయినా 'వెయ్యొద్దు' అన్నచోట కుళ్లాయప్ప గొంతు సన్నబడటం, చివరి అక్షరాన్ని మింగి చప్పున గాలి పీల్చుకోవడం, ఆ పీల్చుకోవడంలో చిన్న కూత, అన్నీ ఉన్నాయి. ఇన్నేళ్లూ పక్కనే మోగుతున్నా, తన తరవాతి పాదం గురించి ఆలోచిస్తూ అతను ఏనాడూ వినలేదు.

మూడో పాదం పాడి ఆగినప్పుడు, ఆ పాట పుట్టిన రోజు గుర్తొచ్చింది.

మొదట ఆ పాదం ఇంత పొట్టిగా లేదు. దేహమనీ, మోహమనీ, కర్మమనీ గొలుసుకట్టుగా పొడవాటి పాదం కట్టుకొచ్చి దుకాణంలో పాడాడు. మిల్లు నుంచి అప్పుడే వచ్చిన కుళ్లాయప్ప అందుకున్నాడు. సగంలో దగ్గు తెర వచ్చింది. గోడకు ఆనుకుని దగ్గి, కళ్లు తుడుచుకుని నవ్వాడు.

"నా రొమ్ములో ఇంత పొడుగు పట్టదు అన్నా. కొంచెం తగ్గీ."

ఓబులేసు విసుక్కుంటూనే తగ్గించాడు. అప్పటికీ పట్టలేదు. ఇంకో మాట తీసేశాడు. కుళ్లాయప్ప ఒక్క ఊపిరితో పాడగలిగినంత మిగిలాక, "ఆఁ, ఇది పోతాది" అన్నాడు.

ఆ ఒక్క పాట సంగతే కాదు. ప్రతి పాటకూ అంతే జరిగింది. ప్రతి పాదం కుళ్లాయప్ప ఊపిరి ఎక్కడ అయిపోతే అక్కడ ఆగింది. ఓబులేసు పాటల్లో ఒక్క మాట కూడా ఎక్కువుండదని జనం మెచ్చుకునేవాళ్లు. ఇంత క్లుప్తంగా రాయడం ఎక్కడ నేర్చుకున్నావని పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన అడిగితే, ఓబులేసు చేతులు జోడించి "అంతా గురుకృప" అన్నాడు. కుళ్లాయప్ప అప్పుడు పక్కనే ఉన్నాడు. తాళాలు గుడ్డలో చుట్టుకుంటున్నాడు.

నాలుగో పాదం రాలేదు. ఒక మనిషి దగ్గును ఇన్నేళ్లు పక్కన పెట్టుకుని, దాన్నుంచి పాటలు తీసుకున్నాడే గానీ, ఆ దగ్గేమిట్రా అని ఒక్కరోజు ఆస్పత్రికి తీసుకుపోలేదు. తంబూర ఒళ్లో పెట్టుకుని, అంతమంది ముందర వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏం చెయ్యాలో తోచక జనం తాళం వేస్తూనే ఉన్నారు.

కాసేపటికి లేచి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. రంగప్ప వెనక పోబోతే సామి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

"హారతి ఇయ్యండి" అన్నాడు.

ఆ తరవాత ఓబులేసు కొండెక్కలేదు. ఏటికీ పోలేదు. దుకాణం తీసి, మిషను పక్కన కుళ్లాయప్ప ఎప్పుడూ కూర్చునే ముక్కాలిపీట వేశాడు. ఒక పాదం పాడాడు. ఆగాడు. ఆ ఆగినంతలో ఇమడకపోతే ఒక మాట తీసేశాడు. మళ్లీ పాడాడు. చొక్కా కొలతకు వచ్చినవాళ్లు, ఓబులేసుకు మతి చలించిందని ఊళ్లో చెప్పుకున్నారు.

మాసికం నాడు కుళ్లాయప్ప చేను గట్టున, మట్టి ఇంకా ఎర్రగానే ఉన్న సమాధి దగ్గర అందరూ కూడారు. లాలెమ్మ పిల్లలిద్దర్నీ దగ్గరికి తీసుకుని ఒక పక్కన కూర్చుంది. వంత పాడొద్దని ఓబులేసు అందరికీ ముందే చెప్పాడు.

"మిల్లు ఆగిందా కుళ్లాయా..."

తాళాలు మోగాయి. కుళ్లాయప్ప వంత పాడేంతసేపు, ఎడమపక్కకు చెవి పెట్టి అతను ఆగాడు.

"దుమ్ము దిగిందా..."

ఆగాడు. చెనిక్కాయ చేలమీద గాలి తిరిగింది. దగ్గొచ్చిన రంగప్ప నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

"ఇప్పుడన్నా ఊపిరాడుతుందా..."

ఆ పాదం తరవాత తాళాలు కూడా మెత్తగా పడ్డాయి. పాట చిన్నది, త్వరగానే అయిపోయింది. ఎవరూ బాగుందనలేదు. ఓబులేసు తంబూర దించి, సమాధి మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

లాలెమ్మ కొంగుతో మొహం తుడుచుకుని గురువు దగ్గరికి వచ్చింది. ఆమె గొంతులో కాస్త నిష్ఠూరం ఉంది.

"ఇంతమంది ఉండారు కద సామీ. ఆయప్ప పాటకు వంత ఒక్కరూ పాడకపోతిరే!"

పక్కీరప్ప సామి ఆమె తలమీద చెయ్యి పెట్టాడు.

"పాడినాడు కదమ్మా" అన్నాడు.